బిడ్డ ఒళ్లు ఎవరి సొత్తు?

టీకాలు వేయించని పిల్లల్ని బడిలో చేర్చుకోవాలా, వద్దా? ఈ ప్రశ్న అడగ్గానే మన లౌకిక మిత్రులు చాలామంది తడుముకోకుండా జవాబు చెప్పేస్తారు. ఒకవైపు సైన్సు, ఇంకోవైపు మూఢత్వం ఉన్నప్పుడు ఆలోచించేదేముంది, గేటు బయటే ఆపాలి అంటారు. మా వాళ్లలో కొందరు కూడా అంతే తొందరగా జవాబిస్తారు. మా బిడ్డ మా ఇష్టం, మధ్యలో సర్కారు ఎవరు అంటారు. రెండు జవాబుల్లోనూ పెద్దవాళ్ల గొంతులే వినిపిస్తాయి. సూది దిగేది ఎవరి చేతికి? రోగం వస్తే మంచాన పడేది ఎవరు? గేటు మూస్తే బయట మిగిలిపోయేది ఎవరు? ఆ బిడ్డని మధ్యలో కూర్చోబెట్టుకుని మాట్లాడితే తప్ప ఈ ప్రశ్న తెగదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన దేశంలో పిల్లల టీకాల్ని బడి ప్రవేశానికి ముడిపెట్టిన జాతీయ చట్టం లేదు. చాలా దేశాల్లో ఉంది. అమెరికాలో బడి ప్రవేశానికి టీకాల నిబంధన పెట్టడం పాత పద్ధతి. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లు, హిందువులైనా ముస్లింలైనా, పిల్లని బడిలో వేసేటప్పుడు టీకాల కాగితం చేత్తో పట్టుకునే వెళ్తారు. డిస్నీలాండ్‌లో మొదలైన తట్టు రోగం పాకిన తర్వాత కాలిఫోర్నియా 2015లో చట్టం మార్చి, నమ్మకాల పేరుతో ఇచ్చే మినహాయింపుల్ని ఎత్తేసింది. ఇటలీ 2017లో పది టీకాల్ని తప్పనిసరి చేసింది. ఫ్రాన్స్ 2018 నుంచి పదకొండు చేసింది. జర్మనీ 2020లో తట్టు టీకాని బడికి ముడిపెట్టింది. మన దగ్గర కూడా ఎక్కడైనా రోగం తిరగబెట్టినప్పుడల్లా ఈ డిమాండ్ లేస్తుంది. 2015, 2016ల్లో కేరళలోని మలప్పురం జిల్లాలో డిఫ్తీరియా వచ్చి పిల్లలు చనిపోయినప్పుడు లేచింది. 2022 చివర్లో ముంబైలోని గోవండీ మురికివాడల్లో తట్టుతో పిల్లలు పోయినప్పుడూ ఆ మాట వినిపించింది. మలప్పురం, గోవండీ రెండూ ముస్లింలు ఎక్కువగా ఉండే చోట్లే. అందుకే డిమాండ్ లేచిన ప్రతిసారీ దాంతోపాటు ఒక వేలు కూడా లేస్తుంది. ఆ వేలు మా వైపే చూపిస్తుంది.

రోగానికి మతం లేదంటారు. రోగం మోసేవాడికి మాత్రం మతం అంటగడతారు. 2020 మార్చిలో నిజాముద్దీన్ తబ్లీగీ సమావేశం తర్వాత ఏం జరిగిందో మనకి తెలుసు. కూరగాయల బండి తోసుకునే సాయిబుని పేరడిగి మరీ వెళ్లగొట్టారు. టీవీలు కరోనాకి జిహాద్ అని పేరు పెట్టాయి. అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆ తబ్లీగీల మీది కేసుల్ని కొట్టేస్తూ వీళ్లని బలిపశువుల్ని చేశారని అన్నది. కోర్టు మాట కాగితం మీద ఉండిపోయింది. టీవీ మాట వీధుల్లో ఉండిపోయింది. ఈ నేపథ్యం తెలియకుండా టీకా గురించి ముస్లిం తల్లిదండ్రులతో మాట్లాడబోతే మాట ముందుకి సాగదు.

ఇంతకీ తల్లిదండ్రులు ఏమంటున్నారు? బస్తీల్లో చెవిపెట్టి వింటే ఒకే మాట వినపడదు. ఈ సూదితో పిల్లలు పుట్టకుండా పోతుందట అనే భయం ఒకటి. అందులో పంది కొవ్వు కలుస్తుందట అనే శంక ఇంకొకటి. మాకు చిన్నప్పుడు తట్టు రాలేదా, మేం బతకలేదా అనే ధీమా ఉంది. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే తల్లికి వేరే లెక్క ఉంది. సూది వేయిస్తే బిడ్డకి రెండ్రోజులు జ్వరం. ఆ రెండ్రోజులూ బీడీల కమాన్ పడదు. వీటన్నిటి అడుగున ఇంకో ప్రశ్న ఉంది: “మోరీ పొంగుతుందని ఏడాది సంది మొత్తుకుంటే ఒక్కరు రాలె. సూది అంటే మాత్రం నలుగురొస్తున్రు. ఎందుకు మేడమ్?” ఆశా కార్యకర్త దగ్గర దీనికి జవాబు ఉండదు. జవాబు చెప్పాల్సిన వాళ్లు ఆ గల్లీకి రారు.

ఈ ప్రశ్నని అజ్ఞానం అని కొట్టిపారేసేవాళ్లు చరిత్ర చదవలేదు. ఎమర్జెన్సీలో 1976–77 ఒక్క ఏడాదే 80 లక్షలకి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. బడి పంతుళ్లకి సైతం కోటాలు పెట్టారు. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చొద్దని అడ్డంపడ్డ జనం మీద కాల్పులు జరిగాయి. ఆ గల్లీల్లో నస్‌బందీ భయం, బుల్డోజర్ భయం ఒకటై కూచున్నాయి. అప్పుడు భయపడ్డ తరం తన మనవళ్లకి ఆ భయాన్ని కథలా చెప్పింది. పాతికేళ్ల తర్వాత అదే సర్కారు పోలియో చుక్కల సీసా పట్టుకుని గడప ముందు నిలబడితే, ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో నానమ్మలు తలుపులు వేసుకున్నారు. 2002లో దేశం మొత్తం మీద 1600 పోలియో కేసులు వస్తే అందులో 1242 ఉత్తరప్రదేశ్‌లోనే వచ్చాయి. ఆ చచ్చుబడ్డ కాళ్లలో ముస్లిం పిల్లల కాళ్లు వాళ్ల జనాభాకి మించి ఉన్నాయి. నస్‌బందీ చేయించినవాళ్లకి గానీ, తలుపు వేసుకున్న పెద్దలకి గానీ పోలియో రాలేదు. వాళ్లిద్దరి మధ్య నలిగిన పిల్లలకి వచ్చింది.

అనుమానాన్ని పెంచి పోషించినవాళ్లు బయట కూడా ఉన్నారు. 1996లో నైజీరియాలోని కానో నగరంలో మెదడువాపు జ్వరం వ్యాపించినప్పుడు ఒక అమెరికన్ మందుల కంపెనీ పిల్లల మీద కొత్త మందు ప్రయోగించింది. సరైన అంగీకారం తీసుకోలేదన్న ఆరోపణ మీద ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. 2003లో అదే కానోలో పోలియో చుక్కల్ని బహిష్కరించారు. మరుసటి ఏడాది ఇండోనేషియా నుంచి, అంటే ఒక ముస్లిం దేశం నుంచి వచ్చిన చుక్కల మందునైతే ఒప్పుకున్నారు. ఈలోగా నైజీరియా నుంచి బయలుదేరిన వైరస్ 2005 నాటికి యెమెన్, ఇండోనేషియాల దాకా పాకింది. 2011లో అమెరికా గూఢచారి సంస్థ బిన్ లాదెన్‌ని పట్టుకోవడానికి అబ్బోటాబాద్‌లో హెపటైటిస్ టీకాల శిబిరాన్ని ముసుగుగా వాడుకుంది. ఆ సంగతి బయటపడ్డాక పాకిస్తాన్‌లో పోలియో కార్యకర్తల మీద దాడులు పెరిగాయి. చంపబడ్డవాళ్లలో పేద ఇళ్ల ఆడపిల్లలున్నారు. టీకాల పేరుతో ఇక గూఢచర్యం చెయ్యమని అమెరికా ప్రభుత్వం 2014లో మాటిచ్చింది. అప్పటికే ఎందరి ప్రాణాలో పోయాయి.

అంత దూరం వెళ్లనక్కర్లేదు, మన ఖమ్మం జిల్లానే చూద్దాం. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. ఒక అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఆ పిల్లల్లో చాలామంది ఆదివాసులు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ చావులకి టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. అయితే అదే విచారణలో ఇంకో సంగతి తేలింది. మన రాష్ట్రంలో పరిశీలించిన 9543 అంగీకార పత్రాల్లో 2763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఖమ్మం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. అక్కడ మోసపోయినవాళ్లు ముస్లింలు కారు. కోయ పిల్లలు, లంబాడీ పిల్లలు, దళిత పిల్లలు. అంగీకారం అడగాల్సినంత మనుషులుగా వాళ్ల తల్లిదండ్రులు కనపడలేదు. బడి చేతిలో పిల్ల ఉంటే చాలు, ఇంటిని అడగనక్కర్లేదు అనుకున్నారు. బడినీ సూదినీ కలిపి ముడివేసినప్పుడు నిజంగా ఎవరి ఇష్టం ఎగిరిపోతుందో ఖమ్మం చూపించింది. కాబట్టి ఇది ముస్లింల మొండితనం గురించిన చర్చ అనుకోవడం పొరపాటు. సర్కారు ముందు నోరు లేని ప్రతి తల్లికీ ఇందులో వాటా ఉంది.

నోరున్నవాళ్లకి ఏం జరుగుతుందో కూడా చూడండి. తట్టు, రుబెల్లా టీకాని 2017 ఆగస్టులో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బడుల్లోనే వేశారు. ఢిల్లీ వంతు వచ్చేసరికి బడిపిల్లల తరఫున తల్లిదండ్రులు హైకోర్టుకి వెళ్లారు. తల్లిదండ్రుల అంగీకారం లేకుండా వెయ్యడం కుదరదని, దానివల్ల రాగల ఇబ్బందుల్ని కూడా చెప్పాలని 2019 జనవరిలో కోర్టు అన్నది. పత్రికలు దాన్ని తల్లిదండ్రుల హక్కు అని రాశాయి. మంచిదే. అదే ప్రశ్న గోవండీ తల్లి అడిగితే మాత్రం వెనుకబాటుతనం అంటారు. కాలిఫోర్నియాలో కార్లలో తిరిగే తెల్లవాళ్లు టీకా వద్దంటే వ్యక్తిగత విశ్వాసం. మలప్పురం తండ్రి వద్దంటే మతమౌఢ్యం. ఒకే తప్పుకి రెండు పేర్లు ఎందుకున్నాయో లౌకిక మిత్రులు ఒకసారి ఆలోచించాలి.

ఒకే తప్పు అన్నాను. అవును, అది తప్పే. ఇక్కడి నుంచి మా వాళ్లతో మాట్లాడాలి.

గాయం ఉన్నది నిజం. ఆ గాయాన్ని బిడ్డ ఒంటి మీదికి దించే హక్కు మనకి ఎవరిచ్చారు? సర్కారు మీద కోపాన్ని సర్కారు మీద తీర్చుకోవాలి. పోలియో వస్తే చచ్చుబడేది మంత్రి కాలు కాదు. కాలీడ్చుకుంటూ నడిచే ఆడపిల్లకి మన ఇళ్లలోనే సంబంధాలు కుదరవు. అప్పుడు ఆ పిల్ల, నానా, నాకు చుక్కలు ఎందుకు వేయించలేదని అడిగితే ఎమర్జెన్సీ కథ చెప్పి తప్పించుకోగలమా? హైదరాబాద్‌లో 2003 నుంచి 2006 దాకా వచ్చిన డిఫ్తీరియా కేసుల్ని పరిశీలించినప్పుడు అది మిగతావాళ్లకంటే ముస్లింలలో ఎక్కువగా కనిపించింది. గొంతులో పొర కట్టి ఊపిరాడక కొట్టుకునే బిడ్డని చూశాక అస్తిత్వం గురించి ఎవరికీ ఉపన్యాసం ఇవ్వబుద్ధి కాదు. మన అస్తిత్వం మన భాషలో ఉంది, తిండిలో ఉంది, నమాజులో, పీర్ల పండుగలో, పేర్లలో ఉంది. సూది పడని చేతిలో లేదు.

ఇస్లాంకీ టీకాకీ పడదన్న మాట ఎక్కడ పుట్టింది? చేచక్‌నీ ఖస్రానీ, అంటే మశూచినీ తట్టునీ, వేర్వేరు రోగాలుగా గుర్తుపట్టి పుస్తకం రాసినవాడు వెయ్యేళ్ల కిందటి అల్ రాజీ. మశూచి పొక్కులోని రసి కొద్దిగా ఎక్కించి రోగాన్ని అడ్డుకునే పద్ధతిని, ఇంగ్లీషు రాయబారి భార్య మేరీ మాంటేగ్ 1717 ప్రాంతంలో ఉస్మానియా తుర్కుల రాజధానిలో చూసి, తన కొడుక్కి చేయించుకుని, ఆ తర్వాత లండన్‌కి పట్టుకెళ్లింది. జెన్నర్ టీకా రావడానికి ఇంకా ఎనభై ఏళ్లు పట్టింది. మన ఇంటి గుమ్మం మీదుగా ప్రపంచంలోకి పోయిన వస్తువుని ఇప్పుడు మనమే పరాయిది అంటున్నాం.

హజ్ సంగతే తీసుకోండి. హాజీల్లో మెదడువాపు జ్వరం 1987లో వ్యాపించిన తర్వాత సౌదీ ప్రభుత్వం ఆ టీకా లేనిదే రానివ్వమన్నది. మన హాజీలంతా ఇహ్రామ్ కట్టేముందు ఆ సూది వేయించుకునే వెళ్తున్నారు. పోలియో చుక్కలు కూడా వేయించుకుంటున్నారు. కాగితం చూపిస్తేనే మక్కా దారి తెరుచుకుంటుంది. అక్కడ ఎవ్వరూ నా ఒళ్లు నా ఇష్టం అనలేదు. ఇస్లాం ప్రమాదంలో పడిందనలేదు. తన యాత్ర కోసం జబ్బ చూపించిన తండ్రి, బిడ్డ బడి దగ్గర చెయ్యి వెనక్కి ఎందుకు లాక్కుంటున్నాడు? బలవంతం మీద కోపమైతే అక్కడా రావాలి. అడిగేవాడి మీద నమ్మకం ఉందా లేదా అన్నదే ఇక్కడ అసలు సంగతి. నమ్మకం లేకపోవడాన్ని మతం అని పిలవడం మానుకుందాం.

హలాల్ శంక ఉన్నవాళ్లకి కూడా జవాబుంది. కొన్ని టీకాలు చెడిపోకుండా నిలవడానికి వాడే జెలటిన్ పంది నుంచి తీసిందై ఉండొచ్చు. 2018 ఆగస్టులో ఇండోనేషియా ఉలమా మండలి ఈ ప్రశ్ననే తేల్చింది. తట్టు, రుబెల్లా టీకా తయారీలో పంది పదార్థం వాడారు కాబట్టి హరాం అన్నది. వేరే హలాల్ టీకా దొరకనందువల్ల, వేయించకపోతే ప్రాణాపాయం కాబట్టి, అవసరం రీత్యా వేయించుకోవచ్చని అదే ఫత్వాలో చెప్పింది. ఆ టీకా తయారైంది మన పూణేలోనే. ఫత్వాలో మొదటి సగం ఊరంతా తిరిగింది. రెండో సగం చాలా ఇళ్లకి చేరనే లేదు. సగం ఫత్వా మోసేవాళ్లు మన గల్లీల్లోనూ ఉన్నారు. ఒంటెని కట్టేసి ఆ తర్వాత అల్లా మీద భారం వెయ్యమన్న ప్రవక్త మాటలో కూడా వాళ్లకి రెండో సగమే గుర్తుంటుంది.

మన దగ్గర ఫర్జ్ రెండు రకాలు. ఫర్జ్-ఎ-ఐన్ ప్రతి మనిషీ స్వయంగా తీర్చుకోవాల్సింది, నమాజులా. ఫర్జ్-ఎ-కిఫాయా కొందరు చేస్తే అందరి తరఫునా తీరిపోయేది, జనాజా నమాజులా. టీకాని చాలామంది రెండో రకం అనుకుంటారు. ఊళ్లో అందరూ వేయించుకుంటున్నారు కదా, నా బిడ్డ ఒక్కతే మానేస్తే ఏమవుతుంది అంటారు. ఒక్క తట్టు రోగి, టీకా లేనివాళ్ల మధ్య పడితే, పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటిస్తాడు. నూటికి 95 మందికి రక్షణ ఉంటేనే అది ఆగుతుంది. మిగిలిన ఆ అయిదుగురి చోటు ఎవరిది? ఇంకా టీకా వయసు రాని పసిగుడ్డుది. రక్త క్యాన్సర్‌కి మందు వాడుతూ టీకా వేయించుకోలేని బిడ్డది. వేయించుకోగలిగి కూడా మానేసినవాడు ఆ రోగిష్టి పిల్ల చోటుని ఆక్రమిస్తున్నాడు. కాబట్టి చూడ్డానికి ఇది కిఫాయాలా కనిపించినా, వేయించుకోగలిగిన ప్రతి ఇంటికీ ఐన్ కిందే లెక్క.

ఇది మన ఇంటికే పరిమితమైన ప్రమాదం కాదని మిన్నెసోటా చూపించింది. అమెరికాలోని ఆ రాష్ట్రంలో స్థిరపడ్డ సోమాలీ ముస్లింల పిల్లల్లో 2004లో నూటికి 92 మందికి తట్టు టీకా ఉండేది. 2014కల్లా 42కి పడిపోయింది. టీకాతో ఆటిజం వస్తుందని చెప్పే తెల్లవాళ్ల బృందాలు ఆ వలస తల్లుల దగ్గరికి వెళ్లి మరీ భయం నూరిపోశాయి. ఆ భయానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. తల్లుల మనసులోంచి దాన్ని ఎవరూ వెనక్కి తియ్యలేదు. 2017లో తట్టు వచ్చింది. పడిపోయిన పిల్లల్లో ఎక్కువమంది సోమాలీలే. భయం అమ్మినవాళ్లు వాళ్ల ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. మైనారిటీల అభద్రత మీద బేరం చేసేవాళ్లు మనవాళ్లలోనే కాదు, ఎవరిలోనైనా ఉంటారు.

అయితే మరి చట్టం పెట్టి బడి గేటు దగ్గర ఆపేద్దామా? ఆ వాదనలో బలం లేకపోలేదు. కాలిఫోర్నియాలో మినహాయింపులు ఎత్తేశాక బడిలో చేరే పిల్లల టీకా శాతం 95 దాటింది. బలవంతం పనిచేస్తుంది. కాకపోతే ఎక్కడ పనిచేస్తుంది, ఎవరి మీద పనిచేస్తుంది అన్నది చూడాలి. పిల్లలంతా ఎలాగూ బడికి వెళ్లే చోట, టీకా ఎప్పుడడిగినా దొరికే చోట, చట్టం వద్దనేవాణ్ని పట్టుకుంటుంది. మన దగ్గర టీకా పడని పిల్లల్లో వద్దన్నవాళ్ల బిడ్డలు కొందరే. ఇటుక బట్టీకి వలసపోయిన కుటుంబం బిడ్డ, కార్డు పోగొట్టుకున్న అద్దె ఇంటి బిడ్డ, నర్సు ఎన్నడూ అడుగుపెట్టని గల్లీ బిడ్డ, వీళ్లూ ఆ లెక్కలోనే ఉన్నారు. చట్టం వీళ్లనే పట్టుకుంటుంది. డబ్బున్న తండ్రి డాక్టరు దగ్గర ఒక కాగితం రాయించుకుని గేటు దాటిపోతాడు.

గేటు బయట నిలబడ్డ ముస్లిం పిల్ల ఎలా ఉంటుందో 2022లో ఉడుపి మాకు చూపించింది. తల మీది గుడ్డ కోసం ఆ పిల్లల్ని లోపలికి రానివ్వలేదు. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖం చూడనివాళ్లో మధ్యలో మానేసినవాళ్లో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఇలాంటి సమాజంలో పిల్లని బడి మాన్పించడానికి ఇంకో కాగితం చేతికివ్వడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. బడి పోతే ఆ బిడ్డకి టీకా కూడా పోతుంది. అయిదేళ్లప్పుడు, పదేళ్లప్పుడు, పదహారేళ్లప్పుడు వెయ్యాల్సిన టీకాలున్నాయి. అవి పిల్లలకి దొరికే తేలికైన చోటు బడే. రోగం నుంచి కాపాడతామంటూ చదువు తీసేస్తే, తండ్రి చేసిన తప్పుకి బిడ్డకి రెండు శిక్షలు వేసినట్టు.

ఇంతకీ బిడ్డ ఒళ్లు ఎవరి సొత్తు? తండ్రిది కాదు. పిల్లలు అమానత్ అని మన పెద్దలు చెప్తారు. ఇంకొకరి వస్తువుని భద్రంగా దాచి, అడిగిన రోజున చెక్కుచెదరకుండా అప్పగించాల్సిన బాధ్యత అది. అమానత్‌ని పట్టుకుని నా ఇష్టం అనడానికి లేదు. అలాగని బిడ్డ ఒళ్లు సర్కారు సొత్తూ కాదు. మనిషి ఒంటి మీద అతని హక్కు రాజ్యాంగం ఇచ్చిందని, ఎవరికీ బలవంతంగా టీకా వెయ్యరాదని సుప్రీంకోర్టు 2022 మేలో కరోనా టీకాల కేసులో చెప్పింది. సమాజం ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టే ఆంక్షలు తగుమాత్రంగా ఉండాలనీ అన్నది. బిడ్డ పెద్దయి తన ఒంటి గురించి తాను మాట్లాడేదాకా తల్లిదండ్రులూ సర్కారూ ఇద్దరూ కాపలాదార్లే. కాపలాదార్ల తగాదాలో కాపాడాల్సిన బిడ్డే పోకూడదు.

అందుకే తప్పనిసరి అనే మాటని ముందు సర్కారుకి వర్తింపచెయ్యాలని నా వాదన. టీకా బడికి రావడం తప్పనిసరి చెయ్యండి. కార్డు లేని పిల్లని చేర్చుకుని, ఆ తర్వాత కార్డు రాయడం తప్పనిసరి చెయ్యండి. తల్లిని అడగడం, ఆమెకి వచ్చిన భాషలో చెప్పడం తప్పనిసరి చెయ్యండి. ముస్లింలంటే ఉర్దూ అనుకుని గుంటూరు దూదేకుల ఇంటికి ఉర్దూ కరపత్రం పంపితే ఎవరూ చదవలేరు. తెలుగు ఫారం ఇస్తే పాతబస్తీ తల్లి చదవలేదు. టీకా వల్ల కోటికొకరికి కీడు జరిగినా ఆ ఇంటిని ఆదుకోవడం తప్పనిసరి చెయ్యండి. అందుకోసం ఇంగ్లండ్ 1979లో, అమెరికా 1986లో చట్టాలు చేసుకున్నాయి. ఇవన్నీ చేసిన తర్వాత కూడా వద్దనే తండ్రి మిగిలితే అతని బిడ్డని బడిలోనే ఉంచండి. టీచరు, నర్సు మళ్లీ మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలి. తట్టులాంటిది ఊళ్లోకొచ్చినప్పుడు ఆ కొన్ని వారాలు బిడ్డని ఇంటి దగ్గర ఉండమనడం న్యాయమే. అది రక్షణ. ఏడాదంతా గేటు మూసెయ్యడం శిక్ష.

ఇదంతా ఆదర్శం, జరిగేది కాదు అనేవాళ్లకి ఉత్తరప్రదేశే జవాబు. అక్కడ పోలియోని ఓడించింది పోలీసులు కాదు. అలీగఢ్, జామియా విశ్వవిద్యాలయాల వాళ్లు, ఉలమాలు ముందుకొచ్చారు. మసీదు మైకుల్లో చుక్కల గురించి చెప్పారు. అదే గల్లీలో పుట్టిన ఆడవాళ్లు గడప గడపకీ తిరిగి నానమ్మల పక్కన కూర్చుని మాట్లాడారు. మోరీ సంగతేంటని అడిగితే ఆ ప్రశ్నని విన్నారు. 2009 నుంచి యూపీ, బీహార్‌లలో ఎక్కువ ప్రమాదం ఉన్న 107 బ్లాకుల్లో చుక్కలతో పాటు పారిశుధ్యాన్ని, అతిసార నివారణని కూడా కలిపారు. దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరి 13న బెంగాల్‌లోని హౌరా జిల్లాలో రెండేళ్ల పాపకి వచ్చింది. ఆ తర్వాత రాలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతం పోలియో నుంచి బయటపడిందని ప్రకటించింది. ఏ బిడ్డనీ బడి నుంచి వెళ్లగొట్టకుండానే ఈ పని జరిగింది.

లౌకిక మిత్రులకి ఒక విన్నపం. మా తల్లి అడిగే ప్రశ్నకి జవాబు చెప్పండి, ఆమె బురఖాకి కాదు. మా వాళ్లకి ఒక హెచ్చరిక. సర్కారుని నిలదియ్యండి, మోరీ గురించి, ఫారం గురించి, ఖమ్మం గురించి. నిలదీస్తూనే బిడ్డ చెయ్యి పట్టుకుని టీకా వేయించండి. ఆ చేత్తోనే రేపు తను పలక పట్టాలి, మన గురించి తప్పుగా రాసినవన్నీ తిరగరాయాలి.